తిప్పన్న వేసిన కంప

"మా ఓబన్న కాలికి ముల్లు దిగదు. దిగబోయిన ముల్లు మొన వంచుకుని, తప్పయిందని చెప్పి పక్కకు తప్పుకుంటాది."

ఈ మాట తిప్పన్న గుత్తి స్టేషన్లో బొగ్గులెత్తే వాళ్లందరికీ చెప్పాడు. టీకొట్టులో చెప్పాడు. నమ్మని వాళ్లకు రెండుసార్లు చెప్పాడు. బుధవారం పొద్దున ఓబన్న మంచం అంచున కూర్చుని మడమ ఎత్తి చూపించినప్పుడు, అందులో తుమ్మముల్లు విరిగి నల్లచుక్కలా కూర్చుని ఉంది. తప్పు ఒప్పుకునే ఉద్దేశం దానికి ఉన్నట్టు కనబడలేదు.

"నిన్న సాయంత్రం దిగింది మామా. పీకబోతే విరిగిపాయ."

"దీన్ని ముల్లంటారా అప్పా? మన సీమలో పసిబిడ్డలు దీంతో పండ్లు కుట్టుకుంటారు." తిప్పన్న వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అమ్మకు చెప్పద్దు. ఆదివారం దాకా ఓర్చుకో."

ఆదివారం రైల్వే వాళ్ల ఫుట్‌బాల్ ఫస్టు టీముకు కుర్రాళ్లను ఎంచుతారు. ఓబన్నకు పదిహేడేళ్లు. ఇప్పటిదాకా వాళ్ల చిన్న జట్టులో ఆడుతున్నాడు. పెద్ద జట్టులో పడితే షెడ్డులో ఉద్యోగం కూడా వస్తుంది. ఆ రోజుల్లో కరువు ఎంతగా ముదిరిందంటే, మూడేళ్ల పిల్ల ఒకతి నెత్తిన చినుకు పడితే, పైనుంచి ఎవరో ఉమ్మేశారని తల్లికి ఫిర్యాదు చేసింది. ఓబన్న నాయనా పెదనాయనా బావులు తవ్వే పనికి తనకల్లు వైపు వెళ్లి, ఇంకా తిరిగి రాలేదు. ఇల్లంతా ఆ కుర్రవాడి కాళ్ల మీద నిలబడి ఉంది.

ఆ కాళ్లకు చదువు చెప్పింది మేనమామ తిప్పన్న. ఒకప్పుడు అరగంట గోలు కాశాడు. ఆ అరగంటను చెప్పడానికి ఆయనకు మూడు రాత్రులు పట్టేది. చేను గట్టున రెండు వరసలుగా తుమ్మకంప పరిచి, మధ్యలో మూరెడు దారి వదిలి, అందులో బంతిని నడిపించమనేవాడు. "బంతి పక్కకు పోతే లోపలి బ్లాడరు పోతాది. నువ్వు పక్కకు పోతే కాలు పోతాది. రెండూ పోకుండా రా" అనేవాడు. ఓబన్న వచ్చేవాడు. బంతి వాడి వేళ్లకు కట్టేసినట్టు వచ్చేది. చూసిన వాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. తిప్పన్న ఆ కంపను వారం వారం కొంచెం దగ్గరికి జరుపుతూ పోయాడు.

కదిరమ్మ నీళ్ల కడవతో లోపలికి వచ్చింది. కొడుకు కుంటడం ఆమె కళ్లలో పడింది.

"ఏమైందిరా తిప్పా, వీడు అట్ల అడుగేస్తాండాడు?"

తిప్పన్న నోట్లో నిజం కన్నా తమాషా ముందు పుట్టేది. పక్క వాకిట్లో తోడికోడలు చౌడమ్మ రాగులు విసురుతోంది.

"ఏముంది అక్కా, దిష్టి. మీ చౌడక్క రోజూ సంగటి పెడతా వీని కాళ్ల వైపే చూస్తాంటాది. ఆ చూపుకు రైలు చక్రమైనా పంక్చరయితాది."

అని నవ్వాడు. కదిరమ్మ నవ్వలేదు. కడవ దించి, చాలాసేపు విసుర్రాయి శబ్దం వింటూ నిలబడింది.

చౌడమ్మకు పిల్లల్లేరు. బాలింత రోగంతో కదిరమ్మ మంచం పట్టినప్పుడు ఓబన్నను ఒళ్లో వేసుకుని బతికించింది ఆమే. ఆటకు బలం కావాలని రోజూ పొద్దున్నే రాగిముద్ద, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చేది. మర్నాడు తెచ్చిన ముద్దను కదిరమ్మ గడపలోనే ఆపింది.

"వానికి ఆకలి లేదులే."

"రోజూ తినే ముద్దే కదా కదిరీ?"

"లేదంటే లేదు. నువ్వు ఈ పక్కకు రావద్దు."

చౌడమ్మ ముద్ద పట్టుకుని అట్లాగే వెనక్కి వెళ్లింది. ఆ రోజు విసుర్రాయి తిరగలేదు.

తిప్పన్న తెల్లవారకముందే గోడవార జిల్లేడు ఆకు తుంచి, ఆ పాలు మడమ మీద వేస్తూ వచ్చాడు. పాలకు ముల్లు పైకి తేలుతుందంటారు. ఇది మాత్రం లోపలికి పోయి సంసారం పెట్టింది. మడమ ఉబ్బింది. ఓబన్నకు ఒళ్లు కాలసాగింది. కదిరమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది.

"చూసినావా అక్కా, దిష్టికే దగ్గొచ్చింది" అన్నాడు తిప్పన్న. ఆ మాటకు తనకే నవ్వు రాలేదు. పోయిన ఏడాది ముల్లు చీము పట్టి మోకాలి కింద దాకా కాలు తీయించుకున్న రంగన్న గుర్తొచ్చాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ బయటికి తమాషానే వచ్చింది.

శనివారం పొద్దున ఓబన్న లేవలేకపోయాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. కదిరమ్మ జుట్టు కూడా ముడేసుకోకుండా పక్క వాకిట్లోకి దూకింది.

"నా బిడ్డను ఏం చేసినావే? గొడ్రాలివని వాని మీద కన్నేస్తివా?"

"నోరు కడుక్కుని మాట్లాడు కదిరీ. వాడు నీ కడుపులో ఉండింది తొమ్మిది నెలలు. నా చంకలో ఉండింది ఎన్నేండ్లో లెక్కెయ్యి."

"అయితే దీపం ఆర్పి చెప్పు! నా చూపు పడలేదని, నా మనసులో ఏం లేదని చెప్పు!"

దీపం ఆర్పి ప్రమాణం చేయడం ఆ ఊళ్లో ఆఖరి మాట. నిజమే చెప్పి ఆర్పినా, ఆడది తన చేత్తో ఇంటి దీపం ఆర్పాక ఆ రెండిళ్ల మధ్య నిప్పూ నీళ్లూ ఉండవు.

"అక్కా, నూనె దండగ..." అన్నాడు. ఎవరూ వినలేదు.

చౌడమ్మ లోపలికి వెళ్లి ప్రమిద వెలిగించి తెచ్చింది. పట్టపగటి ఎండలో ఆ వెలుగు ఉందో లేదో తెలియలేదు. తెచ్చి ఓబన్న మంచం పక్కనే పెట్టింది.

"ఆర్పుతా. ఆర్పినాక మనకు మాటల్లేవు. అందుకే ముందు బిడ్డను ఒకసారి చూసుకోనీ."

వాడి నుదురు తాకింది. ముడుచుకుపోయిన కాలును చాపమంది. వాడు చాపలేక గజ్జ పట్టుకున్నాడు.

"బిళ్ల కట్టిందారా?" అంది చౌడమ్మ.

కదిరమ్మ ఉలిక్కిపడింది. గజ్జల్లో బిళ్ల కట్టిందంటే కాలికి పుండుండాలి. ఈ సంగతి తెలియని తల్లి ఆ సీమలో లేదు. దిష్టి మాట చెవిన పడినాక ఆమె ఎప్పుడూ కాళ్ల వైపు చూడలేదు. కొడుకు మొహమే చూసింది, తోడికోడలి కళ్లే చూసింది.

చౌడమ్మ వాడి కాళ్ల మీది దుప్పటి లాగింది. మడమ నిగనిగలాడుతూ ఉంది. చుట్టూ ఎండిన పాలు పెచ్చు కట్టి ఉన్నాయి.

"జిల్లేడు పాలు. ఎవరు పూసినారు?"

తిప్పన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చౌడమ్మ లేచి ఆ చెయ్యి లాగి చూసింది. వేళ్లకు బంక ఇంకా అంటుకునే ఉంది.

"నేనే అక్కా" అన్నాడు తిప్పన్న. "ముల్లు దిగింది. కంప వేసింది నేనే. చెప్పద్దన్నదీ నేనే. దిష్టి అన్నది... తమాషాకు అంటి."

కదిరమ్మ తమ్ముడి చెంప పగిలేలా కొట్టింది. మళ్లీ కొట్టబోయి, ఆ చేతులతోనే చౌడమ్మ కాళ్లు పట్టుకుంది. చౌడమ్మ ఆమెను రెక్క పట్టి లేపింది.

"ఏడ్పు తర్వాత. రంగన్నను ఆస్పత్రికి చేర్చేతలికి పొద్దు పోయింది, కాలు పోయింది. బండి కట్టించు."

బండి వచ్చేలోపు ఆమె తన చీర కొంగు చింపి మడమకు చుట్టింది. ఓబన్న కళ్లు సగం తెరిచి మేనమామ కోసం వెతికాడు.

"మామా... షెడ్డు ఫోర్‌మన్ దొర నాకని బూట్లు ఇచ్చినాడంట కదా. మా జట్టు పాపన్న చెప్పినాడు. నువ్వే ఇస్తావులే అని చూస్తాంటి."

తిప్పన్న లోపలికి వెళ్లాడు. జొన్నల గంపలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, బూట్లు బయటికి తీశాడు. లేసులు కూడా విప్పలేదు. జొన్నగింజలు రాలుతుంటే, వాటిని మంచం మీద ఓబన్న పక్కన పెట్టాడు.

"ఉగాదికి ఇచ్చినాడప్పా. ఫస్టు టీములో బూట్లు లేనిదే ఆడనియ్యరు, ఇప్పటినుంచే అలవాటు చెయ్యి అన్నాడు."

"మరి ఏమిటికి దాచిపెట్టినావు?" అంది కదిరమ్మ.

తిప్పన్న తమాషా కోసం వెతికాడు. దొరకలేదు.

"ముల్లు దిగని కాలని ఊరంతా చెప్పుకోనుంటి. తొడిగితే నా మాట అబద్ధమయితాదని."

బండి కదిలింది. ఓబన్న తల చౌడమ్మ ఒళ్లో, కాళ్లు కదిరమ్మ ఒళ్లో ఉన్నాయి. మంచం పక్కన దీపం అట్లాగే వెలుగుతోంది. బూట్లను చంకలో పెట్టుకుని తిప్పన్న బండి వెనక ఉత్తకాళ్లతో పరిగెత్తాడు. దారిలో ఎదురైన బొగ్గు కూలీ, "ఏమప్పా, ముల్లు దిగని కాలు యాడికి పోతాండాది?" అని నవ్వుతూ అడిగాడు.

"దిగిందన్నా" అన్నాడు తిప్పన్న ఏడుస్తూ. "నేనే దించినా."