గోనెలకు పట్టిన నీళ్ళు

ఆ ఆదివారం పొద్దున్న చెయ్యాల్సిన పనులు ఇవి. షెడ్డు ముందు ఊడ్చి చదును చెయ్యాలి. పెద్ద బకెట్టు కడిగి అంచుదాకా నీళ్ళు నింపాలి. వరసల్లోంచి మూడు మట్టి దిమ్మెలు తియ్యాలి, ఒకటి పైనుంచి, ఒకటి మధ్యలోంచి, ఒకటి అడుగునుంచి. నాన్నని బయటికి పోనివ్వకూడదు. బట్టీ గుమాస్తా కూర్చోడానికి పక్కింటి కుర్చీ అడగాలి. ఎనిమిదింటికి దిమ్మెలు నీళ్ళలో దించాలి. సాయంత్రం దాకా ఎవరూ వాటి మీద చెయ్యి వెయ్యకూడదు.

చిన్నమ్మాయి ఈ జాబితాను బస్సులోనే రాసుకుంది. నాలుగు వారాల తర్వాత ఇంటికి వస్తోంది. ఇల్లంటే ఇంకా ఇల్లు కాదు, సొంత స్థలంలో వేసుకున్న రేకుల షెడ్డు. దాని పక్కన పునాది మాత్రం లేచి ఉంది. పునాది మీద గోడ దేనితో లేపాలన్నదే ఆ ఇంట్లో ఆరు నెలలుగా నడుస్తున్న తగువు.

తండ్రి ముప్పై ఏళ్ళు ఇటుక బట్టీలో మంట చూసిన మనిషి. ఏ గూట్లో ఎంత బొగ్గు వెయ్యాలో పొగ రంగు చూసి చెప్పగలడు. ఆ పొగే ఇప్పుడు ఆయన ఛాతీలో గూడు కట్టుకుంది. ఇంకొక్క సీజను బట్టీ దగ్గర నిలబడితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే బట్టీ యజమాని కబురు పెట్టాడు: ఈ ఒక్క సీజను వచ్చి మంట చూడు, నీ ఇంటికి సరిపడా ఇటుక లారీలో తెచ్చి నీ గుమ్మం ముందు దించుతాను.

తండ్రి సరే అనబోయాడు. చిన్నమ్మాయి అడ్డుపడింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఇళ్ళు కట్టే సంస్థలో ఇంజనీరు. స్థలంలోని మట్టినే జల్లించి, అందులో కొద్దిగా సిమెంటు, ఇసుక కలిపి, యంత్రంలో పోసి మీట నొక్కితే దిమ్మె వస్తుందని, దాన్ని కాల్చక్కర్లేదని చెప్పింది. పొగ ఉండదు, బట్టీతో పని లేదు. సంస్థవాళ్ళని అడిగి యంత్రాన్ని తెచ్చి, ఇంటిల్లిపాదితో కలిసి తొలి విడతగా మూడు వందల దిమ్మెలు తీసింది. మర్నాడే దూరపు సైటుకు వెళ్ళాల్సి రావడంతో, చెయ్యాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి అక్క చేతిలో పెట్టింది: "దిమ్మెల మీద గోనెలు కప్పి ఉంచాలి. రోజుకు మూడుసార్లు నీళ్ళు పట్టాలి. ఇరవై ఎనిమిది రోజులు."

తండ్రి ఒక షరతు పెట్టాడు. "నెల తర్వాత నీ దిమ్మెని ఒక పూట నీళ్ళలో పెడదాం. నిలిస్తే నేను బట్టీకి పోను. కరిగితే నువ్వు మాట్లాడకూడదు."

ఆ పూట ఇవాళే.

ఆమె షెడ్డు దగ్గరికి వచ్చేసరికి దిమ్మెలు ఎంత ముచ్చటగా పేర్చి ఉన్నాయంటే, కాసేపు అలా నిలబడి చూసింది. ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు, మధ్యలో గాలి ఆడేలా సందులు. గోనెలు దండెం మీద వేలాడుతున్నాయి. గడువు నిండింది కదా, తీసేశారనుకుంది.

"ఏం ఇంజనీరమ్మా! బిస్కెట్లు టీలో ముంచే రోజు వచ్చిందా?" అన్నాడు తండ్రి, పళ్ళు తోముకుంటూ.

"బిస్కెట్లు కాదు నాన్నా, నీ ఇల్లు."

"నా ఇల్లే కరిగిపోతే నేనెక్కడ పడుకోను? బకెట్లోనా?"

"పొద్దున్నే కరగడం, కారడం! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ముందా నోరు కడుక్కో" అంది తల్లి లోపలినుంచి.

అక్క మాత్రం నవ్వలేదు. చెల్లి చేతిలోంచి సంచీ అందుకుని, "ముఖం పీక్కుపోయిందే చిన్నీ. ఏమన్నా తిన్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి పోయింది.

తొమ్మిది కావస్తుండగా బట్టీ గుమాస్తా వచ్చాడు. బుధవారం బట్టీకి పనివాళ్ళ లారీ బయల్దేరుతుంది, మాట తేల్చుకుని రమ్మన్నారని చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి దిమ్మెలు నీళ్ళలో దించి గంటైంది. బుడగలు లేస్తున్నాయి.

"ఏంటమ్మా, ఊపిరి తీసుకుంటున్నాయా?" అన్నాడు గుమాస్తా.

"లోపలి గాలి పోతోందండీ. అది మామూలే."

కానీ కాసేపటికి నీళ్ళు ఎరుపెక్కాయి. అది మామూలు కాదు. పై దిమ్మె మూల ఒకటి మెత్తగా జారి అడుక్కి పోయింది. చెయ్యి వెయ్యకూడదన్న తన నియమం తనే మరిచిపోయి చిన్నమ్మాయి బకెట్లో చెయ్యి పెట్టి ఒక దిమ్మెను ఎత్తింది. అది మధ్యకు విరిగి, సగం చేతిలో, సగం నీళ్ళలో మిగిలింది. చేతిలోది వేళ్ళ మధ్య నుంచి ముద్దగా కారింది.

గుమాస్తా లేచి బకెట్లోకి తొంగిచూశాడు.

"చదువుకున్న మట్టైనా మట్టేనమ్మా" అన్నాడు, జాలిగానే.

"ఇలా అవదు. నీళ్ళు పడితే ఇలా అవనే అవదు." చిన్నమ్మాయి వరసల దగ్గరికి పరిగెత్తి ఇంకో దిమ్మె అంచును గోటితో గీకింది. పిండిలా రాలింది. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నీళ్ళు పట్టనివ్వలేదు కదూ నువ్వు?"

తండ్రి అక్క వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత నేల వైపు చూస్తూ, "ఆ. నేనే వద్దన్నాను. ఎండబెట్టమన్నాను" అన్నాడు.

"ఎందుకు? బట్టీకి పోవాలనా? పోయి ఆ పొగలో పడి చావాలనా? నేను ఎక్కడెక్కడ తిరిగి, ఎవరెవర్ని బతిమాలి ఆ యంత్రం తెచ్చానో తెలుసా నీకు? రోజూ ఫోన్లో అడిగాను. పట్టారా అంటే, పట్టామన్నారు. ఇంటిల్లిపాదీ కలిసి నాతో నాటకమాడారా?"

"గొంతు తగ్గించవే, బయటివాళ్ళున్నారు" అంది తల్లి.

"ఉండనీ అమ్మా! కూతురి మాట గెలవకూడదని కన్నతండ్రే అడ్డం పడ్డాడని నలుగురూ విననీ!"

తండ్రికి దగ్గు తెర వచ్చింది. గుంజ పట్టుకుని వంగిపోయాడు. అప్పుడు గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది.

"ఆయన్ని అనకే. ఆయన కాదు. నేను."

చిన్నమ్మాయి తిరిగి చూసింది.

"నువ్వా? రోజూ నీళ్ళు పట్టానని చెప్పావు కదా అక్కా!"

"పట్టాను. గోనెలకి." అక్క దండెం వైపు చూపించింది. "అబద్ధం ఎందుకని రోజూ మూడుసార్లు గోనెలు తడిపాను. తడిపి అక్కడ ఆరేశాను. దిమ్మెల్ని మాత్రం ఎండకి పెట్టి, పూటకోసారి పక్క తిప్పాను. మబ్బు పడితే నాన్నా నేనూ లోపలికి మోశాం. ఒక్క చుక్క పడనివ్వలేదే వాటి మీద."

"చుక్క పడనివ్వలేదా!" చిన్నమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కాగితం మీద అంత స్పష్టంగా రాశాను కదా!"

"రాశావు. చదివాను. ఆరో తరగతి దాకా చదివాను కదా, నీ రాత అర్థమైంది. బిందె ఎత్తాను కూడా. వంచడానికి చెయ్యి రాలేదు." అక్క మాట మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కొంగును మెలిపెడుతున్నాయి. "నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు నాలుగేళ్ళ పిల్లవి. నాకు పదకొండు. అచ్చుల్లో కోసిన పచ్చి ఇటుకంతా ఆరి ఉంది, మర్నాడు బట్టీలో పేర్చాలి. మధ్యాహ్నం వాన దిగింది. కప్పడానికి పట్టాలు చాలలేదు. నేను బడినుంచి వచ్చి నా పుస్తకాల సంచీ కూడా కప్పాను. దానికింద ఎన్ని ఇటుకలు పడతాయి? నాలుగు. ఆ నాలుగే మిగిలాయి. తక్కిందంతా ముద్ద. మళ్ళీ మొదటినుంచీ కోయాలంటే ఇంకో జత చేతులు కావాలి. ఆ చేతులు నావి. ఇక బడికి పోలేదు."

తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది.

"అప్పట్నుంచి పచ్చి ఇటుక మీద నీడ పడినా ఉలిక్కిపడతాను చిన్నీ. దాని మీద నన్నే నీళ్ళు పొయ్యమంటే? పిల్లకి తెలియదు, చదువులో పడి మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. నీ ఇటుక పాడవకూడదనే ఎండబెట్టాను. నువ్వొచ్చి చూసి సంతోషిస్తావనుకున్నాను."

చిన్నమ్మాయి చేతిలో ఇంకా ఆ మట్టి ముద్ద ఉంది. ఎందుకు నీళ్ళు పట్టాలో కాగితంలో ఒక్క ముక్క లేదని ఆమెకు అప్పుడు తట్టింది. సైటులో కూలీలకైనా నిలబడి విడమరిచి చెబుతుంది. సొంత అక్కకు చీటీ రాసిచ్చి బస్సెక్కింది. చెప్పడానికి పట్టేది ఎంతసేపు? ఒక టీ తాగేంత సేపు.

"అక్కా, ఇటు రా" అని దిమ్మెల దగ్గర కూర్చుంది. "దీంట్లో సిమెంటు ఉంది. అది నీళ్ళు తాగితేనే గట్టిపడుతుంది. కడుపు నిండేదాకా, నెల్లాళ్ళు తాగాలి. ఎండబెడితే దాహంతో చచ్చిపోతుంది. ఇక మట్టే మిగులుతుంది. మీ ఇటుక మంటలో గట్టిపడదూ, ఇది నీళ్ళలో గట్టిపడుతుంది."

అక్క ఆలోచించింది. "అంటే మంట బదులు నీళ్ళన్నమాట."

"అంతే."

"ఆ ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాల్సింది" అంది చిన్నమ్మాయి. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "తప్పు నాదే అక్కా. నాన్నా, నిన్ను నానా మాటలూ అన్నాను."

"అన్నావులే. నేనూ దానితో కలిసి మోశాను కదా, నాకూ చెందాలి" అన్నాడు తండ్రి, ఊపిరి కూడదీసుకుంటూ.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి. నాకు మాట కావాలి. ఏమయ్యా, బుధవారం లారీ ఎక్కుతున్నావా లేదా? మాట ప్రకారం దిమ్మె కరిగింది కదా."

తండ్రి నోరు తెరిచాడు. ఆడిన మాట తప్పే మనిషి కాదు. చిన్నమ్మాయికి మాట్లాడే హక్కు లేదు, షరతు అది.

"రాడండీ" అంది అక్క.

అందరూ ఆమెను చూశారు. ఇన్నేళ్ళలో గుమాస్తా ఎదుట ఆమె నోరెత్తి ఎరగదు.

"షరతు నీళ్ళు పట్టిన దిమ్మెకి. ఆ బకెట్లోది నీళ్ళు తాగని దిమ్మె. ఇంకో నెల ఆగి చూస్తాం."

"లారీ ఆగదమ్మా, నెల్లాళ్ళు."

"పోనివ్వండి. ఇటుక లేకపోతే ఇంకో ఏడాది రేకుల కింద ఉంటాం. మాకు అలవాటే. నాన్న లేకుండా ఉండటం అలవాటు లేదు."

గుమాస్తా తండ్రి వైపు చూశాడు. తండ్రి మెల్లగా, "పెద్దది చెప్పింది కదా బాబూ" అన్నాడు. గుమాస్తా కుర్చీ జరిపి వెళ్ళిపోయాడు.

చిన్నమ్మాయి వారం సెలవు పెట్టి, యంత్రాన్ని మళ్ళీ తెప్పించింది. పాడైన దిమ్మెలను చితక్కొట్టి, జల్లించి, కొత్త సిమెంటు కలిపి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ప్రతి పనికీ అక్క "ఎందుకు?" అని అడిగింది. చెల్లి చెప్పింది. కొన్నిటికి చెల్లే అడగాల్సి వచ్చింది. మట్టిలో తడి ఎంత ఉండాలో చూడ్డానికి ముద్ద చేసి నడుము ఎత్తునుంచి కింద పడెయ్యాలి, నాలుగైదు ముక్కలవ్వాలి. చిన్నమ్మాయి ఆ పరీక్ష చెయ్యబోతుంటే, అక్క గుప్పెడు మట్టి పిసికి, "తడి ఎక్కువైంది. ఇది పగలదు" అంది. పడేస్తే పగలలేదు, పచ్చడిలా అతుక్కుంది. పొడి మట్టి కలిపారు. "ఇప్పుడు వెయ్యి" అంది అక్క. ఐదు ముక్కలైంది.

"ఈ ముక్క ఏ పుస్తకంలో ఉందే?" అని తల్లి చిన్నకూతుర్ని ఎకసెక్కం చేసింది.

మొదటిసారి నీళ్ళు అక్కే పట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని బిందె వంచింది. తెరిచి చూసింది. దిమ్మెలు అలాగే ఉన్నాయి, రంగు మాత్రం ముదిరింది. రెండో రోజు ఒక కన్నే మూసుకుంది. వారం తిరిగేసరికి, ఎండ ఎక్కువగా ఉందని మూడుసార్లు చాలవంటూ ఐదుసార్లు పట్టడం మొదలుపెట్టింది. చెల్లి సైటుకు వెళ్ళిపోయాక ఫోన్లో, "తాగాయా?" అని అడిగితే, "తాగాయి. మధ్యాహ్నం మళ్ళీ దాహమన్నాయి, మళ్ళీ పోశాను" అనేది.

ఇరవై ఎనిమిదో రోజున తండ్రి తనే బకెట్టు నింపాడు. దిమ్మె దించి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. సాయంత్రం నీళ్ళు తేటగానే ఉన్నాయి. దిమ్మెను బయటికి తీసి, అంచులు తడిమి, ఇంకో దిమ్మెతో కొట్టి చెవి ఒగ్గాడు. కాలిన ఇటుకైతే ఖంగుమంటుంది. ఇది టక్కుమంది.

"గొంతు తక్కువ" అన్నాడు. ఇంకోసారి కొట్టాడు. "ఒళ్ళు మాత్రం గట్టిదే."

తర్వాత దిమ్మెను పెద్దకూతురి చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ తాపీ వెతుక్కోవడానికి లేచాడు.

ఇప్పుడు ఆ ఇల్లు చూడ్డానికి చాలామంది వస్తున్నారు. గోడలు తడిమి, ఏ ఇంజనీరు కట్టారని అడుగుతారు. చిన్నమ్మాయి పేరే చెబుతారు. అది న్యాయమే, కానీ సగం న్యాయం. పదకొండేళ్ళప్పుడు పుస్తకాల సంచీ కప్పి నాలుగు ఇటుకలను కాపాడి, ముప్పై మూడేళ్ళప్పుడు తన చేతులకు తెలిసిందంతా పక్కనపెట్టి పచ్చి దిమ్మె మీద నీళ్ళు పోసిన మనిషి ఒకరున్నారు. మీరెప్పుడైనా కొత్తగా లేస్తున్న గోడ పక్కనుంచి వెళితే, ఆ పెద్దమ్మాయిని ఒక్క క్షణం గుర్తు చేసుకోండి.