పాప గదికి వేసిన స్పీకర్లు

ఆ ఇంట్లో మూడు నెలలుగా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పాపకి ఐదో నెల. పగలంతా బోసినోటితో నవ్వుతుంది, పొద్దు వాలిందంటే చాలు, ఎవరో గిల్లినట్టు గుక్కపట్టి ఏడుస్తుంది. ఇద్దరు డాక్టర్లు చూశారు. పిల్ల దిట్టంగా ఉంది, రోగం రొష్టూ ఏమీ లేదు, అదే తగ్గుతుందిలెమ్మన్నారు. అది తగ్గేదాకా భుజాన వేసుకు తిరగాల్సింది మాత్రం డాక్టర్లు కాదు కదా, వాళ్ళమ్మ. సాయానికొచ్చిన అక్క కూడా కళ్ళ కింద నల్లటి వలయాలు పడ్డాక, మళ్ళీ వస్తానే అని బస్సెక్కింది.

హాల్లో పాతకాలం స్టీరియో ఒకటి ఉంది. సన్నగా పాట పెడితే పాప ఊరుకునేది. కానీ ఉయ్యాల లోపలి గదిలో. అక్కడికి పాట వినపడదు. వినపడేలా పెంచితే పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా బాదుతారు. అందుకని తల్లి పిల్లని మోస్తూ హాల్లోనే గంటలకొద్దీ పచార్లు చేసేది.

"ఇంకో రెండు స్పీకర్లు గదిలో పెడితే సరి" అన్నాడు భర్త. బిస్కెట్ల ఫ్యాక్టరీలో అతనికి ఆ వారం రాత్రి షిఫ్టు. మధ్యాహ్నం పడుకోవాల్సిన వేళ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి, చెక్కపెట్టెల్లాంటి స్పీకర్లు రెండు చంకన పెట్టుకొచ్చాడు. ఉయ్యాలకి అటొకటి ఇటొకటి పెట్టాడు. గోడ వారగా తీగ లాగాడు. తీగ చివర గుండ్రటి పిన్ను ఉంది. అది స్టీరియో వెనకాల ఎక్కడా పట్టలేదు. ముందువైపు ఒక కన్నంలో మాత్రం టక్కుమని పట్టింది.

"అది దాని చోటేనా అండీ?" అంది ఆమె.

"పట్టింది కదా! దానిది కాకపోతే ఎలా పడుతుంది?" అన్నాడు ఇంజినీరు ఫోజులో.

పాట హాల్లోనే మోగింది. గదిలో కిక్కురుమనలేదు. విసుగొచ్చి పాట ఆపేశాడు. అప్పుడు హాల్లోని స్పీకర్లోంచి పాప ఊ కొట్టడం వినపడింది. నోట్లో వేలు చప్పరించడం కూడా.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పిన్ను పెట్టింది మైకు కన్నంలోనట. స్పీకరూ మైకూ లోపల ఒకే రకం సరుకు, అక్కడ గుచ్చితే మోగాల్సింది కాస్తా వినడం మొదలుపెడుతుంది అని అతను తల గోక్కుంటూ చెప్పాడు. చాలా రోజులకి ఆమెకి నవ్వొచ్చింది.

"ఇలాగే ఉండనివ్వండి. వంటింట్లో ఉన్నా దాని చప్పుడు వినపడుతుంది."

అతను కూడా సంతోషంగానే ఒప్పుకున్నాడు. దీపాలు వేసే వేళకి డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయాడు.

బయట ముసురు. ఇంట్లో తడిబట్టల వాసన. ఆమె గిన్నెలు తోముతుండగా స్పీకర్లోంచి ఏడుపు లేచి హాలంతా నిండింది. "వస్తున్నానమ్మా, వస్తున్నా" అంది గానీ కాళ్ళు కదల్లేదు. ఒళ్ళు హూనమైపోయింది. సబ్బు చేతులతోనే సింకు అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క పూట ఎవరైనా దాన్ని ఎత్తుకుంటే బాగుండు అనిపించింది. ఎవరైనా సరే.

"ష్..."

స్పీకర్లోంచి వచ్చింది.

"ష్... ష్..."

ఏడుపు ఆగిపోయింది. తర్వాత సన్నగా ఒక కూనిరాగం... మాటల్లేవు. ముక్కుతో పాడుతున్నట్టు... ఆడగొంతు.

సబ్బు చేతులు తుడుచుకోకుండానే గదిలోకి పరిగెత్తింది. ఎవరూ లేరు. పాప నిద్రపోతోంది. గదిలో పాల వాసన, పౌడరు వాసన... వాటి కిందుగా, చాన్నాళ్ళు తెరవని పెట్టె వాసన. ఉయ్యాల ఊగుతోంది. గాలి లేదు. రెండు స్పీకర్ల ముందున్న నల్లగుడ్డ మెల్లగా ఉబ్బుతోంది... అణుగుతోంది... ఉబ్బుతోంది...

పాపని చేతుల్లోకి లాక్కుంది. ఒళ్ళు కాలినట్టు కెవ్వుమంది పిల్ల. వీపు విల్లులా వంచి, తల్లి చేతుల్లోంచి పడిపోయేలా గింజుకుంది.

"పడుకోబెట్టు" అంది హాల్లోని స్పీకరు.

ఉయ్యాల్లో పడుకోబెట్టగానే పిల్ల టక్కున ఊరుకుంది.

హాల్లోకొచ్చి పిన్ను పీకేసింది.

"ష్..."

స్టీరియో ఆపేసింది. గోడ ప్లగ్గు కూడా ఊడబెరికింది. ఎర్రదీపం ఆరిపోయింది. నిశ్శబ్దం... అమ్మయ్య అనుకుంది. అప్పుడు కూనిరాగం మళ్ళీ మొదలైంది. ఈసారి స్టీరియోలోంచి కాదు. నేరుగా గదిలోంచి.

భర్తకి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నంతసేపూ వాళ్ళ ఫోన్లు లాకర్లో ఉంటాయి. మోగి మోగి ఆగిపోయింది. పిల్లని వదిలి గడప దాటి ఎక్కడికి పోతుంది? గది గుమ్మం దగ్గరికే వచ్చింది.

"నా పిల్లని ఇచ్చెయ్" అంది.

"పొద్దున ఇస్తాను" అంది చీకట్లోంచి ఆ గొంతు, ఎంతో మెత్తగా. "పోయి పడుకో తల్లీ. చాలా అలిసిపోయావు."

మూడు నెలల్లో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. డాక్టర్లు అనలేదు, అక్క అనలేదు, కట్టుకున్నవాడూ అనలేదు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. రెప్ప వేయకూడదనుకుంది. పిల్ల కళ్ళ ముందే ఉంది కదా... కదిలితే తెలుస్తుంది కదా... రాగం ఆగలేదు. ఎంత బాగుందో అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తల గుమ్మానికి ఆనింది...

కాలింగ్ బెల్ మోతకి మెలకువ వచ్చింది. ఒళ్ళు దూదిపింజలా ఉంది. ఎన్నాళ్ళకి నిద్రపోయింది! హాల్లో చాప మీద ఉంది, మెడ దాకా దుప్పటి కప్పి ఉంది. చాప తను వేసుకోలేదు. ముసురు పోయి కిటికీ నిండా ఎండ. లేచి గది వైపు చూసింది. తలుపు మూసి ఉంది. తోసింది. లోపల గడియ వేసి ఉంది.

వీధి తలుపు తీసింది. భర్త బూట్లతోనే లోపలికొచ్చాడు.

"ఏమైంది? ఆ మొహమేంటి? పాపేదీ?"

"లోపల."

అతను తలుపు తోసి చూశాడు. "గడియ ఎవరు పెట్టారు? లోపల ఇంకెవరున్నారు?"

ఆమె తలుపుకి నోరు ఆనించి, "తెల్లారింది... నా పిల్లని ఇచ్చెయ్" అంది.

లోపల పాప కిలకిలా నవ్వింది. ఉయ్యాల గొలుసు కిర్రుమంది.

"ఇక్కడ ఇంకా తెల్లారలేదు" అంది ఆ గొంతు.

భర్త భుజంతో తలుపుని గుద్దుతున్నాడు. ఆమె నేల మీదికి వంగి తలుపు కింద సందులోంచి చూసింది. తూర్పు కిటికీ ఉన్న ఆ గదిలో చిమ్మచీకటి.