నాలుక ఎత్తుకుపోయిన కుక్క

రాక్షసుడి నోట్లో నాలుక లేదు.

ఐదు నిమిషాల క్రితం ఉంది. పదకొండు రోజులు కూర్చుని సుతేజ తన చేతులతో స్పాంజి కోసి, ఎర్రగుడ్డ చుట్టి, రెండు మూరల పొడుగున కుట్టిన నాలుక అది. జిగురు డబ్బా కోసం అటు తిరిగి ఇటు తిరిగేసరికి మాయమైంది.

రేపు న్యేపి, ఊరంతా మౌనం పాటించే పండుగ. ఆ ముందురోజు సాయంత్రం ఊరేగించడానికి కుర్రాళ్ళంతా కలిసి వెదురుతో, కాగితంతో కట్టిన ఒగోఒగో రాక్షసుడు సంఘం హాలు ముందు కోరలు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఇంకో రెండు గంటల్లో జడ్జీలు వస్తారు. సుతేజ నోరు రాక్షసుడి నోటికన్నా పెద్దగా తెరుచుకుంది.

వీధి చివర పసుపుపచ్చ చొక్కా తొడుక్కున్న ఒక కుక్క పరుగెత్తుతోంది. దాని నోట్లో నాలుక ఉంది, రాక్షసుడిది. మెడకున్న తాడు నేలమీద జీరాడుతోంది. ఆ తాడు వెనక ఒక అమ్మాయి, ఒక్క కాలికే చెప్పుతో.

"బ్లీ, వాణ్ణి పట్టుకోండి."

ఊళ్ళో ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి ఏ ఆడపిల్లయినా బ్లీ అనే పిలుస్తుంది. ఆ పిలుపులో ఏదో ఉందని ఆ క్షణంలో అనుకునే తీరిక సుతేజకి లేదు. కుక్క ఇటు మళ్ళగానే దాని మీదికి దూకాడు. అది ఆట అనుకుని పక్కకి తప్పుకుంది. సుతేజ జిగురు డబ్బాలో పడ్డాడు.

"ఎవరిది ఈ కుక్క?" అన్నాడు లేస్తూ.

"ఎవరిదీ కాదు. అదే కదా బాధ. చొక్కా మీద రాశాం, చదవలేదా?"

చొక్కా మీద 'నాకు ఇల్లు కావాలి' అని ఉంది. కింద వీధికుక్కల షెల్టర్ పేరు, ఫోన్ నంబరు.

"పేరేంటి దీనికి?"

"సబర్."

సబర్ అంటే ఓర్పు. సుతేజ ఆ అమ్మాయి వంక చూశాడు. వేళాకోళం ఆడుతోందా అనుకున్నాడు.

"పది నెలల పిల్ల బ్లీ. పేరు పెడితేనైనా వస్తుందేమోనని పెట్టాం."

"వచ్చిందా మరి? పదకొండు రోజుల కష్టం అది. కుక్కని పట్టుకోవడం చేతకానివాళ్ళకి షెల్టర్ ఎందుకు? ఇలాంటిదాన్ని గొలుసేసి ఓ మూల కట్టిపడెయ్యాలి."

గొలుసు అనగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"ఆ పని చేసేవాళ్ళు ఎల్లుండి వస్తున్నారు లెండి. మీరు కంగారు పడకండి," అని, కుక్క పోయిన దారిన ఒంటిచెప్పుతోనే వెళ్ళిపోయింది.

తిట్టినవాడు తను. మరి దెబ్బ తిన్నట్టు తనకెందుకు అనిపిస్తోందో సుతేజకి అర్థం కాలేదు.

రాక్షసుడి నోట్లో తన ఎర్ర నడుంగుడ్డ కుక్కి ఊరేగించాడు. పోటీకొచ్చిన ఏడు ఊళ్ళ విగ్రహాల్లో వాళ్ళదానికి ఏడో స్థానం. డప్పులు, వెదురు తుపాకులు, పళ్ళేల మోత మొదలయ్యేసరికి జనం కాళ్ళ మధ్యనుంచి పసుపుపచ్చ చొక్కా ఒకటి ప్రాణభయంతో దూసుకుపోవడం చూశాడు. తాడు పట్టుకున్న మనిషి మాత్రం వెనక లేదు.

*

న్యేపినాడు ఉదయం ఆరింటినుంచి మర్నాడు ఆరింటిదాకా పొయ్యి వెలగదు, దీపం వెలగదు, బండి కదలదు, మనిషి గడప దాటడు. నెట్ కూడా రాదు. ఫోన్ మాత్రం పలుకుతుంది, పలికించే ధైర్యం ఉంటే.

సుతేజకి ఆ ధైర్యం ఉండటానికి వీల్లేదు. వాళ్ళ నాన్న పెచలాంగ్. గళ్ళ పంచె కట్టుకుని, ఊళ్ళో ఎవరూ చప్పుడు చేయకుండా వీధులు తిరిగే కాపలాదారు.

పొద్దున్న మొహం కడుక్కుందామని గాదె పక్కకి వెళ్ళిన సుతేజ అక్కడే కొయ్యబారిపోయాడు. గాదె కింద సబర్ ఉంది. ఒళ్ళంతా బురద. నోట్లో నాలుక. సుతేజని చూడగానే తోకతో నేలంతా ఊడవడం మొదలుపెట్టింది.

పక్క అరుగుమీద నాయనమ్మ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఏటా ఈ రోజున ఆవిడ మౌనవ్రతం పడుతుంది. ఆరునెలల కిందట వాళ్ళ ముసలి కుక్క పోయినప్పుడు మూడు రోజులు అన్నం ముట్టని మనిషి. ఇక ఈ గుమ్మంలోకి కుక్క అన్నది రాకూడదని ఆవిడ శాసనం.

సుతేజ గాదె వెనక నక్కి చొక్కా మీది నంబరు నొక్కాడు.

"హలో." ఆడగొంతు, గుసగుసగా. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"మీ కుక్క మా ఇంట్లో ఉంది."

"బతికే ఉన్నాడా?"

"బతికే ఉంది. నాలుకతో సహా."

"ఏ నాలుక?"

"రాక్షసుడి నాలుక."

"అయ్యో, మీరా."

"నేనే. ఇది ఒక్కసారి మొరిగితే ఊరంతా వింటుంది. మా నాన్న పెచలాంగ్."

"పెచలాంగ్ ఇంట్లో దూరాడా?" ఆ ఏడుపులోంచే ఒక నవ్వు జారిపడింది. "సారీ. వినండి, నోట్లో ఏదైనా ఉన్నంతసేపు వాడు మొరగడు. ఆ నాలుక మాత్రం లాక్కోకండి."

పదకొండు రోజుల కష్టాన్ని కుక్కకి అలా అధికారికంగా అప్పగించేశాడు సుతేజ. పేరడిగితే రస్మిని అంది.

*

మధ్యాహ్నందాకా అంతా సవ్యంగానే నడిచింది. దూలం మీద బల్లి ఒకటి గట్టిగా అరిచింది. సబర్ నాలుక వదిలేసి ఒక్కసారి, ఒకే ఒక్కసారి మొరిగింది.

కాకి కూడా ఎగరని ఊళ్ళో ఆ మొరుగుడు పిడుగులా పడింది. రెండు నిమిషాల్లో గళ్ళ పంచె గుమ్మంలో నిలబడింది.

"మనింట్లో కుక్క లేదే," అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"లేదు నాన్నా."

సుతేజ కాళ్ళ మధ్యనుంచి ఒక తోక బయటికొచ్చి నాన్నకి నమస్కారం పెట్టింది. ఇరవైరెండేళ్ళుగా ఇరుగుపొరుగు పొయ్యిలార్పించిన మనిషి. తన ఇంటికే తను వచ్చి నిలబడాల్సి వచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"రేపు ఆరు దాటగానే ఇది ఇక్కడ ఉండకూడదు," అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత సబర్ వెళ్ళి నాయనమ్మ పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. నాయనమ్మ కళ్ళు తెరవలేదు, కాలు లాక్కోలేదు. కుక్క గుర్రుపెట్టి నిద్రపోయింది.

సుతేజ ఫోన్ తీసి, "దీనికి ఎక్కిళ్ళు వస్తున్నాయి," అన్నాడు.

"నీళ్ళు పట్టండి," అంది రస్మిని.

గంట తర్వాత కుంటుతోందన్నాడు. ఇంకో గంటకి బెంగపెట్టుకున్నట్టుందన్నాడు. సబర్ ఇటు పక్కనుంచి అటు పక్కకి తిరిగి పడుకుంది. మాటలు కుక్క దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోతున్నాయి. చిన్నప్పుడు రస్మిని తడిసిన పిల్లిపిల్లని స్కూలు సంచిలో దాచి లెక్కల పరీక్ష రాసిందట. సుతేజ నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"నిన్న గొలుసు అంటే ఎందుకలా అయిపోయారు?" అని అడిగాడు చివరికి.

"ముగ్గురు తీసుకెళ్ళారు వాణ్ణి. ముగ్గురూ తిరిగిచ్చేశారు. ఉత్తరాన లవంగతోట ఆయన కాపలాకి కావాలన్నాడు, మా మేడమ్ మాటిచ్చేసింది. రేపు తొమ్మిదింటికి వస్తాడు. గొలుసు కూడా తనే తెచ్చుకుంటాడట. వాడికి పరుగెత్తడం తప్ప ఇంకేమీ రాదు."

"నువ్వే పెంచుకోవచ్చుగా?"

మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

"అద్దె గది. ఇంటావిడ చిలకని కూడా రానివ్వదు. మీ ఇంట్లో అడిగి చూడు బ్లీ."

"నాయనమ్మ ఒప్పుకోదు. అడుగుదామన్నా మౌనం. దానికితోడు చెవులు కూడా అంతంత మాత్రం."

పొద్దు వాలింది. దీపం లేని ఇంట్లో ఎదుటివాళ్ళ మొహం కూడా సరిగా కనపడటం లేదు. రస్మిని మళ్ళీ లవంగతోట ఆయన గురించి ఏదో చెబుతూ ఆగింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది సుతేజకి. కళ్ళు గట్టిగా మూసుకుని గడగడా మొత్తం చెప్పేశాడు.

కళ్ళు తెరిచాడు.

"రస్మినీ?"

ఫోన్ వంక చూశాడు. ఎప్పుడో ఆరిపోయింది. ఛార్జింగ్ పెట్టాలంటే, నాన్న మెయిన్ స్విచ్చి ఆపేశాడు, పొద్దున ఆరింటిదాకా కరెంటు లేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, ఎవరూ వినలేదు కదా అని బతికాడు.

*

ఆరు గంటల ఇరవై నిమిషాలకి స్కూటర్ ఆగింది. రస్మిని చేతిలో తాడు, కళ్ళకింద నల్లటి చారలు. న్యేపి మర్నాడు ఒకరింటికి ఒకరు వెళ్ళి క్షమాపణ అడగడం రివాజు. అందుకని ముందు నాన్నకి దణ్ణం పెట్టి, "మా కుక్క వల్ల మీకు తలవంపులు వచ్చాయి, క్షమించండి," అంది.

"పర్లేదమ్మా. తీసుకెళ్ళు," అన్నాడు నాన్న.

రస్మిని పిలిచింది. సబర్ చెవి కదిపింది తప్ప నాయనమ్మ పాదాలమీదినుంచి తల ఎత్తలేదు. సుతేజ కుక్కనీ తాడునీ మార్చి మార్చి చూశాడు. తొమ్మిదింటికి గొలుసు. ఆ తర్వాత ఈ అమ్మాయి ఈ గుమ్మంలోకి రావడానికి కారణమే ఉండదు.

"నాయనమ్మా..." అన్నాడు.

నాయనమ్మ కళ్ళు తెరిచింది. ఇరవైనాలుగు గంటల తర్వాత మొట్టమొదటిసారి నోరు విప్పింది.

"ఎక్కిళ్ళా దీనికి?"

సుతేజ బిగుసుకుపోయాడు.

"నిన్న మధ్యాహ్నంనుంచి నా కాళ్ళమీద నిద్రపోతూనే ఉంది. ఎక్కిళ్ళంట, కుంటంట, బెంగంట. అన్నీ నీకేరా. నా చెవులు అంతంత మాత్రమని ఎవడు చెప్పాడు నీకు?"

"అంటే... మొత్తం విన్నావా?"

"మౌనం నోటికి గానీ చెవులకి కాదుగా. ఇలా రా అమ్మాయ్. ఫోన్ ఎక్కడిదాకా పలికింది నీకు?"

రస్మిని మొహం ఎర్రబడింది. "లవంగతోట ఆయన గురించి చెబుతున్నాను. మధ్యలో ఆగిపోయింది."

"అయితే అసలుది పోయింది. నే చెబుతా విను." నాయనమ్మ గొంతు సవరించుకుని, మనవడి గొంతే పెట్టి అప్పజెప్పింది. "'గొలుసు మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలనుంది. కుక్కకి ఏ జబ్బూ లేదు. నీ గొంతు వినకపోతే నాకు తోచడంలేదు. రేపు నువ్వు దీన్ని తీసుకుపోతే నేను కూడా షెల్టర్ కొచ్చి పసుపు చొక్కా వేసుకుని నిలబడతాను.'"

నాన్న అరుగుమీద కూలబడ్డాడు. ఊరంతటినీ కాపలా కాసి, సొంత గాదె వెనక ఇంత జరిగినట్టు తెలియనందుకు ఆయన తల పట్టుకున్నాడు.

నాయనమ్మ వంగి సబర్ చెవి నిమిరింది. "ఆరునెలలైంది, నా కాళ్ళు వెచ్చగా ఉండి. నిన్న తొయ్యలేక ఊరుకున్నాననుకుంటున్నారు మీరు. తొయ్యబుద్ధి కాలేదు. లవంగతోట ఆయన్ని ఇంకో కుక్కని చూసుకోమను."

"అమ్మా, మరి మొరిగితే..." అన్నాడు నాన్న.

"వచ్చే న్యేపికి నువ్వే ఇంకో నాలుక కుట్టిద్దువుగాని."

రస్మిని అక్కడే కింద కూర్చుని సబర్ మెడ కావలించుకుని ఏడ్చింది. కాసేపటికి ఆ పసుపు చొక్కా విప్పి, మడతపెట్టి, తలెత్తి సుతేజని చూసింది.

"ఇంట్లో పెద్దలంతా ఒప్పుకుంటే కుక్కని ఇవ్వొచ్చు, అది మా రూలు. రెండో సంగతి మాత్రం పెద్దలు చెబితే కుదరదు బ్లీ. చెప్పాల్సినవాళ్ళే చెప్పాలి."

సుతేజ నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

సబర్ లేచింది. ఆ తెరిచిన నోటివంక ఒకసారి చూసి, చీలికలు పేలికలైన ఎర్ర నాలుకని తెచ్చి సుతేజ పాదాల దగ్గర పెట్టింది. నోరు ఖాళీ అయింది కనుక ఊరంతా వినేలా మొరిగింది. నిన్నటినుంచి మొహాన నెత్తురుచుక్క లేని నాన్న, అందరికన్నా ముందు పగలబడి నవ్వాడు.

ఆ మొరుగుడు ఆగేదాకా రస్మిని ఓపిగ్గా కాచుకుంది. అప్పుడు సుతేజ చెప్పాడు, ఈసారి కళ్ళు తెరిచి. గుసగుసగా కాదు.