అంచున పట్టుకున్న నాణెం

అతడు నాణెం పెట్టెను పాత నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ఆఫీసు కౌంటరు మీద ఉంచిన తీరు, ఉంచినట్టు లేదు, మొట్టినట్టు ఉంది.

"వెండి నాణెం. అద్దంలా మెరుస్తోంది. దీనికి గ్రేడు ఇవ్వలేమని వెనక్కి పంపింది మీరేనా?"

"నేనే," అన్నది పరీక్షకురాలు కళ్లజోడు సర్దుకుంటూ. "అద్దంలా మెరుస్తోంది గనకే పంపాను."

అతడు గడియారాలు బాగుచేసేవాడు. నాణెం నిరుడు పోయిన తాతగారిది. ఆయన తమ్ముడు, ఇంట్లో చిన్న తాతయ్య, అది నకిలీదనీ, అన్నగారు గొప్పకు పోయి మోసపోయారనీ యాభై ఏళ్లుగా నలుగురిలో అంటూనే ఉన్నాడు. ఆ నోరు మూయించాలనే మనవడు దాన్ని పరీక్షకు పంపాడు. గ్రేడు లేకుండా తిరిగి వచ్చేసరికి చిన్న తాతయ్య, దాంతో వచ్చిన 'పైపొర మార్చారు' అన్న చీటీ అయినా చదవకుండా, "నే చెప్పలా?" అన్నాడు. ఆనాటి నుంచి బామ్మ తాతగారి గోడ గడియారానికి కీ ఇవ్వడం మానేసింది. మనవణ్ణీ ఇవ్వనివ్వలేదు.

ఇదంతా అతడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె అడ్డు రాలేదు. నాణేన్ని రెండు వేళ్లతో అంచున పట్టుకుని దీపం కింద తిప్పింది. అదే కాలపు మరో నాణేన్ని పక్కన పెట్టి, లెన్స్ అతని చేతికిచ్చింది.

ఆ రెండోది నల్లబడి ఉంది. అయినా తిప్పుతుంటే దాని మీద ఒక వెలుగు చక్రంలా తిరిగింది. అతని నాణెం మీద వెలుగు పడ్డచోటే నిలిచిపోయింది.

నాణెం ముద్రించే అచ్చు దెబ్బకు లోహం సాగి, కంటికి ఆనని గీతలు ఏర్పడతాయని ఆమె చెప్పింది. ఆ తిరిగే వెలుగు వాటిదే. ఒక్కసారి రుద్దితే ఆ పొర పోతుంది, మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. గ్రేడు అంటే ఆ పొర ఎంత మిగిలిందో చెప్పడమే. లేనిదానికి అంకె వేస్తే, మెరుపు చూసి నమ్మే అమాయకుణ్ణి తామే ముంచినట్టు.

"ఇది మొదటినుంచీ ఇలాగే ఉందండీ," అన్నాడతడు.

ఆమె తల ఎత్తలేదు. "మీ బొటనవేలి గోటి కింద ఉన్న ఆకుపచ్చ మెరుగు ముద్దే నాణెం అక్షరాల సందుల్లోనూ ఉంది."

అతడు చేయి జేబులో పెట్టుకున్నాడు. గడియారాల కేసులకు మెరుగుపెట్టే చక్రం మీద రెండే నిమిషాలు పట్టాడు. పిల్లవాడికి తల దువ్వి బడికి పంపినట్టు పంపాడు.

"'పైపొర మార్చారు' అన్న మాట తీసేసి, అసలైనదని మాత్రం రాసివ్వకూడదా? మా బామ్మ కోసం."

"రాయను." తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. "నకిలీదైతే నకిలీ అనే రాసేవాళ్లం. ఇది అసలైనదే, పైపొర మార్చారు. మొదటిది మీ తాతగారి గౌరవం, రెండోది మీ పని. మీ పని దాచడానికి ఆయన నిజాన్ని సగం చేయమంటారా?"

ఆమె రెండు మాటలనూ ముసలి కళ్లు చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. అతడు ఆ అక్షరాలను చూశాడు, ఆ తర్వాత ఆమెను చూశాడు. వచ్చినప్పటి కోపం ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తురాలేదు.

ఆదివారం చిన్న తాతయ్య ఎదుటే కాగితం పైకి చదివి, రెండో మాట తన తప్పేనని చెప్పాడు. చిన్న తాతయ్య చెప్పులు వెతుక్కున్నాడు.

బామ్మ నాణేన్ని చాలాసేపు తడిమింది. "ఆ నలుపులో ఆయన బొటనవేలు ఆనే చోటు నాకు తెలిసేదిరా."

అతడు తల దించుకున్నాడు.

"సరే. గడియారం కీ ఇలా తే," అన్నది బామ్మ. "దాచకుండా చెప్పే బుద్ధి నీకు ఎవరు నేర్పారు? వాళ్లను ఓసారి తీసుకురా."

పరీక్షకురాలు వచ్చింది. బామ్మ బీరువాలోంచి అదే నాణేనికి జతను, ఎవరికీ చూపనిదాన్ని, తీసి మనవడికిచ్చింది. అతడు జాగ్రత్తగా అంచున పట్టుకుని ఆమెకు అందించాడు. ఆమె కూడా అంచునే పట్టుకుంది. నాణెం చిన్నది. నాలుగు వేళ్లకు చోటు చాలలేదు. ఎవరూ వదల్లేదు.

"ఎవరో ఒకరు వదలండి, పడుతుంది," అన్నది బామ్మ.

"వదిలితే గీత పడుతుంది బామ్మగారూ," అన్నది పరీక్షకురాలు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

గోడ గడియారం నాలుగు కొట్టింది.

"అయితే అలాగే ఉండండి," అని బామ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తొందరపడలేదు.