ఐదు వాట్ల వీడ్కోలు

“ఈ చేయి ఎవరిదో చెప్పగలరా, నళిని గారూ?”

అమెరికాలోని కాపెల్ ఊళ్ళో ఓ పార్కు పక్కన, ప్లంబర్ల బండిలా వేషం వేసుకున్న వ్యాన్‌లో కూర్చుని జగదీష్ రికార్డింగ్ వినిపించాడు. మోర్స్ కోడ్, చుక్కల్లా గీతల్లా పొట్టి పొడుగు బీప్‌లతో పంపే రేడియో భాష. మూడంటే మూడు అక్షరాలు.

మొదటి అక్షరానికే ఏజెంట్ నళిని పోల్చుకుంది. చేతిరాతలాగే మోర్స్ కొట్టే తీరు కూడా మనిషికొకటి. గీతని రవ్వంత సాగదీసి, చుక్కని చప్పున వదిలేసే ఆ తీరు ఒక్కరిదే. నళినికి ఈ విద్య నేర్పిన మనిషిది.

“రాధక్క.”

“రిటైరయిన మన రాధారాణి గారా? ఆర్ యూ ష్యూర్?”

“మా ఆయన గురకైనా పోల్చుకోలేనేమో గానీ, ఈ చేయి పోల్చుకుంటాను.”

జగదీష్ బాస్ కదా, నవ్వలేదు. బ్రీఫింగ్‌లోకి దిగాడు.

“ఆ ఎదురింట్లో ఉన్నది పద్మనాభం. ఓ విదేశీ ముఠాకి కంప్యూటర్లు నడిపి, మనసు మారి మన దగ్గరికొచ్చిన ఇంజనీర్. కోడ్ నేమ్ పులిహోర. ఈ అడ్రస్ ముఠాకి తెలిసిపోయింది, ఇవాళే షిఫ్ట్ చెయ్యాలి. మూడు నల్ల కార్లు ఒకేసారి బయల్దేరతాయి. ఒక్కదాంట్లోనే పులిహోర. అది ఏ కారో రాధారాణి గారు పార్కులోంచి చూసి ముఠాకి ఒక్క అక్షరం పంపిస్తే చాలు. దారిలో ఎక్కడో తుపాకి రెడీగా ఉంది.”

“ఫోన్లు?”

“బ్లాక్ చేశాం. అందుకే వాళ్ళు రేడియోకి దిగారు.”

“పార్కులో రేడియో ఎవరి దగ్గరుందో పట్టుకోలేరా?”

“ఒక్కసారి అటు చూడండి.”

నళిని అద్దంలోంచి చూసింది. హామ్ రేడియో, అంటే సొంత రేడియోల్లో కబుర్లాడుకునే సరదా ఉన్నవాళ్ళ వార్షిక పిక్నిక్. చెట్టుచెట్టుకీ బట్టలారేసే తాడులా ఓ యాంటెన్నా తీగ, టెంటుటెంటులో ఓ రేడియో. అన్నీ పోపులపెట్టెలో సగం ఉండే చవక రకాలే. ఐదు వాట్లు. రాత్రిదీపం కూడా అంతకన్నా ఎక్కువే తింటుంది. అందులో రాధక్కది ఏదో, ఏ వేషంలో ఉందో!

“ఇందాక మీరు విన్న టెస్ట్ సిగ్నల్, చోటు పట్టే మా మిషన్ రాకముందే వెళ్ళిపోయింది. ఫ్రీక్వెన్సీ తెలుసు, చోటు తెలీదు. ఇంకోసారి ఆవిడ మోర్స్ కీ నొక్కితే, క్షణం చాలు, మిషన్ చూపించేస్తుంది. కానీ కారు చూశాకే నొక్కుతుంది. అప్పటికి టూ లేట్.”

 నళిని ఓ బుల్లి రేడియో అడిగి తీసుకుంది.

గడ్డి టోపీ, నల్ల కళ్ళజోడు, చేతిలో ఫాయిల్ కప్పిన ట్రే. చూసినవాళ్ళకి పిక్నిక్‌కి వంట తెచ్చిన ఆంటీ. ఫాయిల్ కింద రేడియో. పెకాన్ చెట్టు కొమ్మ మీదికి తీగ విసిరి, చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఎదురింటి గేటు తెరుచుకుంది. ఒకే రకం కోట్లు తొడుక్కున్న ముగ్గురు మగవాళ్ళు మూడు కార్లవైపు నడుస్తున్నారు.

మోర్స్ వాళ్ళలో ఓ ఆచారం ఉంది. కబుర్లు ముగించి వెళ్ళేటప్పుడు ఒకరు సరదా దరువొకటి కొట్టి, చివర రెండు చుక్కలు మిగిలిస్తారు. ఆ రెండూ అవతలివాళ్ళు కొట్టాలి. కొట్టకపోతే మాట మధ్యలో మొహం మీదే తలుపు వేసినట్టు. పాఠం అయిన ప్రతిసారీ నళినీ రాధక్కా అలాగే విడిపోయేవారు.

నళిని కీ మీద వేలు పెట్టింది. చుక్కకి డిట్, గీతకి డా, దరువు మొదలెట్టింది.

డిట్. డా డిట్ డిట్. డిట్.

చెవిలో హోరు తప్ప ఏమీ లేదు. పద్మనాభం కారు తలుపు మీద చెయ్యి వేశాడు.

డిట్ డిట్.

“ఆరెంజ్ టెంట్!” రెండో చెవిలో జగదీష్ అరిచాడు.

ఐస్‌క్రీమ్ వాళ్ళ వేషంలో ఆ చుట్టుపక్కలే తచ్చాడుతున్న ఇద్దరు ఏజెంట్లు టెంటులోకి ఒక్క దూకు దూకారు. కీ మీద మళ్ళీ వాలబోయిన రాధక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూడు కార్లూ ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి.

నళిని వెళ్ళేసరికి రాధారాణి తెల్ల విగ్గు ఊడిపోయి ఉంది. లిప్‌స్టిక్ మాత్రం చెక్కుచెదరలేదు. అరవై దగ్గరపడుతున్నా ఆ చేతులకి సంకెళ్ళు కూడా గాజుల్లాగే ఉన్నాయి.

“ఆ టోపీ నీకు బాలేదే,” అంది.

“ఎందుకక్కా? పోయిపోయి వాళ్ళకా?”

“రిటైరయ్యాక రోజూ పొద్దున్నే రేడియో పెట్టుకుని పిలిచేదాన్ని. మనవాళ్ళెవరైనా పలుకుతారేమోనని. వాళ్ళు పలికారు.”

నళిని తల వంచుకుంది. “దరువు కొట్టింది నేనే అని తెలిసిందా?” అని అడిగింది.

“నీ చెయ్యి నాకు తెలీదుటే?”

“ట్రాప్ అని?”

“అదీ తెలిసింది. వేలు నొక్కేశాక.”

రాధారాణిని కారెక్కించారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. జగదీష్ వచ్చి, “గ్రేట్ జాబ్! పులిహోర సేఫ్,” అన్నాడు. నళిని తీగ చుట్టుకుంటూ కూర్చుంది. మోచేతికి చుట్టిన తీగ కళ్ళకి మసకగా కనిపించింది.

ఇంతలో బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఓ అమెరికన్ పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చాడు. ఇందాక ఆ ఫ్రీక్వెన్సీలో తనూ విన్నాడట. కాల్‌సైన్, అంటే లైసెన్స్‌తో పాటు ఇచ్చే గుర్తుపేరు, చెప్పకుండా రేడియోలో కీ ముట్టుకోవడం చట్టరీత్యా నేరమనీ, వాళ్ళిద్దరిలో ఒక్కరూ చెప్పలేదనీ ఎంతో మర్యాదగా మందలించాడు.

నళిని ఒప్పుకుంది. నేరం ఇద్దరూ చేశారు. తీసుకెళ్ళింది ఒక్కరినే.