మూడద్దాల ట్రాక్టర్

తాపీ నది వరద సూరత్‌ను ముంచిన తర్వాత పంతొమ్మిదో ఏడు అది. సోమలింగం ఏళ్లను ఆ వరద నుంచే లెక్కపెట్టుకుంటాడు. పన్నెండో ఏట మగ్గాల పని మానేసి చిన్న ట్రాక్టర్ కొన్నాడు. పద్నాలుగో ఏట కొడుకు పెళ్లి. పదిహేడో ఏట భార్య గంగవ్వ పోయింది. ఆ తర్వాత లెక్కపెట్టుకోవడానికి ఏమీ జరగలేదు.

కోసాడ్ కాలనీలో వాళ్లది కింది ఇల్లు. ట్రాక్టర్ గుమ్మం ముందే ఉంటుంది. పెద్ద ట్రాక్టర్లు దూరని అరటి వరుసల మధ్య దున్నడానికి పనికొస్తుంది. పొద్దున్నే సోమలింగం దాన్ని గుడ్డతో తుడుస్తాడు. బానెట్, స్టీరింగ్, తర్వాత అద్దాలు. అద్దాలు మూడు. రెండు పక్కల రెండు, నెత్తి మీద నీడకు కట్టిన పైపుకు ఒకటి. మూడోది నిరుడు తనే బిగించాడు.

ఐదేళ్లుగా దానికి ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. మోకాలు వంగడం లేదని ఎక్కడానికి ఇనుప మెట్టు వెల్డింగ్ చేయించాడు. పాత మగ్గం పైపులతో నీడ కట్టాడు. నిటారుగా నిలిచిన సైలెన్సర్ మూతికి డబ్బా రేకు కత్తిరించి మూతలా పెట్టి, ఎర్ర రంగు వేశాడు. ఇంజన్ నడుస్తుంటే పొగకు ఆ రేకు లేచి ఆడుతుంది. ఆగితే పడిపోతుంది.

కోడలు సుభాషిణి చాయ్ తెచ్చి మెట్టు మీద పెట్టింది. వెనక నిలబడి ఏదో అడిగింది. సోమలింగం తుడుస్తూనే "ఆఁ" అన్నాడు. ఆమె కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె అడిగింది పప్పు వండాలా, చారు పెట్టాలా అని.

సోమలింగానికి వినబడదు. నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఖాతాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. చేతులతోనే అన్నీ. ఐదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెడితే బువ్వ. అరచేయి చూపితే ఆపు. ఛాతీ మీద రెండుసార్లు కొట్టుకుంటే, తప్పు నాది. బట్టలో మచ్చ పడితే మగ్గానిదా మనిషిదా అని మాస్టర్ అడిగినప్పుడు అలా చెప్పేవాళ్లు. చెప్పింది అర్థమైనా కాకపోయినా తల ఊపి "ఆఁ" అనడం అక్కడి అలవాటు. ఖాతా వదిలినా ఆ అలవాటు వదల్లేదు.

ఈ సంగతి గంగవ్వ ఒక్కదానికే తెలుసు. ఆమె కూడా ఖాతాలో నూలు కండెలు చుట్టిన మనిషి. ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి, సగం నోటితో సగం చేతులతో చెప్పేది. ఆమె పోయాక అతని ఎదుటికి వచ్చి మాట్లాడేవాళ్లు లేరు.

సంక్రాంతి దాటాక ఒక టెంపో డ్రైవర్ ఇంటికొచ్చి గొడవ చేశాడు. అమ్రోలి రోడ్డు మీద వెనక నుంచి ఎంత హారన్ కొట్టినా ముసలాయన పక్కకు జరగలేదట. పై అద్దం మీద ఎండ పడి కళ్లు చెదిరిన ఆ కాసేపట్లోనే టెంపో వచ్చిందని ఎవరికీ తెలియదు. బట్టల మార్కెట్లో పార్సిళ్లు కట్టే కొడుకు వినోద్‌కు అప్పటి నుంచి ఫోన్ మోగితే గుండె అదిరేది. ట్రాక్టర్ అమ్మేయాలనుకున్నాడు. మంగళవారం నల్లా దగ్గర తండ్రి ముఖం కడుక్కుంటుంటే వెనక నిలబడి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ సోమలింగం "ఆఁ" అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని వినోద్ అనుకోలేదు. ఆ రాత్రి, బాపుకు ట్రాక్టర్ మీద ప్రేమే గాని మన మీద లేదనుకున్న, మనసు మారింది అని సుభాషిణితో అన్నాడు.

ఆదివారం పొద్దున ఓల్పాడ్ నుంచి అరటితోట ఆసామి వచ్చాడు. మంచి మనిషిలా ఉన్నాడు. ట్రాక్టర్ చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. దున్నమని పిలవడానికొచ్చాడనుకుని సోమలింగం, ఇవ్వాళ పాపడి చిక్కుడు చేను ఉంది, రేపు వస్తానని చేతులతో చెప్పాడు. ఆసామి నవ్వి తాళం చెవికోసం చేయి చాచాడు.

సోమలింగం కొడుకు వైపు చూశాడు.

వినోద్ ఎదురుగా వచ్చాడు. "బయానా పైసలు తీసుకున్న బాపు. చెప్పిన గదా."

"ఎప్పుడు చెప్పినవ్?"

"మంగళారం. నల్లా కాడ. అమ్ముదమా బాపు అంటే ఆఁ అన్నవ్. మూడుమాట్లు అన్నవ్."

సోమలింగం కొడుకు పెదవులు చూశాడు. అంతా అర్థమైంది. నాకు వినబడలేదు అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ ఆ మాట బయటకు వస్తే చెవిటివాణ్ని ఏ తోటలోకీ రానివ్వరు. ఏడేళ్లుగా నోట్లో దాచుకున్న మాట అది.

"అన్ననేమో," అన్నాడు. "తీస్కపొమ్మను."

తాళం చెవి ఇచ్చేశాడు. ఆసామి ఎక్కి కూర్చుని, ఈ అద్దాల గోల నాకొద్దు, తీసేయమన్నట్టు చేయి ఊపాడు. సోమలింగం పానా తెచ్చి పక్క అద్దం బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. ఆసామి సెల్ఫ్ కొట్టాడు. గుమ్మంలో నిలబడ్డ సుభాషిణి అప్పుడు ఒకటి గమనించింది. ఇంజన్ మోత కాలనీ అంతా వినబడుతుంటే, మామ తల ఎత్తి ఎర్ర రేకు లేచిందో లేదో చూశాడు. లేచాక మళ్లీ పానా తిప్పాడు.

"బాపు, నువ్వెందుకు ఇప్పుతున్నవ్, ఆయన ఇప్పుకుంటడు తీ," అన్నాడు వినోద్ వెనక నుంచి. సోమలింగం తిరగలేదు. "బాపూ." తిరగలేదు. "గింత పంతమా?"

"జర ఆగు," అంది సుభాషిణి. ఆమె చేతిలో చపాతీల పెనం ఉంది. దాన్ని గచ్చు మీద ధణేల్‌మని వదిలేసింది. పక్కింటివాళ్లు కిటికీలు తెరిచారు. ఆసామి ఉలిక్కిపడి ఇంజన్ ఆపేశాడు. సోమలింగం వీపు కదల్లేదు. ఎర్ర రేకు పడిపోవడం చూసి, ఆపావేంటి అన్నట్టు ఆసామి వైపు చూశాడు.

వినోద్ కింద పడ్డ పెనం వైపు, తండ్రి వీపు వైపు చూశాడు.

సుభాషిణి మెల్లగా అంది. "మామకు ఇనవడదు. అద్దాలు సోకుకు పెట్టుకోలే. మనం ఎన్కనుంచే మాట్లాడుతం. రెండేండ్ల సంది ఎన్కనుంచే మాట్లాడుతున్నం."

వినోద్ ఒక అడుగు పక్కకు జరిగాడు. సోమలింగం చేతిలో ఊడిన అద్దంలో కొడుకు ముఖం పడింది. వెంటనే సోమలింగం తిరిగాడు.

"ఎన్నేండ్ల సంది బాపు?"

ఈసారి సోమలింగం దాచలేదు. దాచడానికి చేతిలో పానా తప్ప ఇంకేం మిగల్లేదు. "ఖాతా ఇడిసినప్పటి సంది. మీ అమ్మకెర్క." పానాతో ఎర్ర రేకును చూపించాడు. "ఒకపారి నడుస్తున్న ఇంజన్‌కే సెల్ఫ్ కొట్టిన. చక్రం పండ్లు అరిగినయ్. అందుకే ఆ రేకు."

"మాకు చెప్పద్దా?"

"చెప్తే నన్ను ఇంట్ల కూసోవెడ్తరు. ఇంట్ల కూసుంటే ఏమున్నది? అందరి మూతులు కదుల్తయి. గంతే. తోటల అరటి చెట్లకు మూతులుండయి. మంచిగుంటది."

ఇంత పొడుగు మాట అతని నోట రెండేళ్లలో రాలేదు. సుభాషిణి కొంగుతో కళ్లు అదుముకుంది.

వినోద్ చిన్నప్పుడు బువ్వ డబ్బా పట్టుకుని ఖాతాకు వెళ్లేవాడు. ఆ మోతలో తండ్రి చేతులు ఎలా తిరిగేవో అతనికి జ్ఞాపకముంది. తండ్రి ఎదురుగా నిలబడి, అరచేత్తో ఛాతీ మీద రెండుసార్లు కొట్టుకున్నాడు.

సోమలింగం కళ్లు నిండాయి. చేయి చాచి కొడుకు చేతిని పట్టుకుని ఆపాడు. తర్వాత తన ఛాతీ మీద కూడా రెండుసార్లు కొట్టుకున్నాడు.

వినోద్ ఆసామికి బయానా తిరిగి ఇచ్చి, జరిగింది హిందీలో చెప్పాడు. ఆసామి విసుక్కోలేదు. ట్రాక్టర్ దిగి, తాళం చెవి సోమలింగం చేతిలో పెట్టి, అతని ఎదురుగా వచ్చి, పెదవులు బాగా కదిలేటట్టు "ఆవ్‌జో" అన్నాడు. మళ్లీ రండి అని అర్థం. తోటకు రమ్మన్నాడో, ఊరికే సెలవు తీసుకున్నాడో సోమలింగానికి తెలియలేదు. తల ఊపబోయి ఆగి, "ఏమంటుండు?" అని కొడుకుని అడిగాడు. అలా అడగడం అతనికి కొత్త.

సుభాషిణి రెండు షరతులు పెట్టింది. తారు రోడ్డు ఎక్కొద్దు, కాలువ గట్టు బాటనే పోవాలి. వెనక బోర్డు ఉండాలి, డ్రైవర్‌కు వినబడదని. బోర్డు మాటకు సోమలింగం చాలాసేపు నేల చూశాడు. అందరికీ తెలిసిపోతుంది. చివరికి రంగు డబ్బా తెచ్చి వినోద్ ముందు పెట్టాడు. "గుజరాతీల రాయి. పెద్దగ రాయి," అన్నాడు. తనకు చదవడం రాని ఆ అక్షరాలు ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున అతను ట్రాక్టర్ తుడవలేదు. విప్పిన పక్క అద్దాన్ని తిరిగి బిగించాడు. మూడోది, పైపుకున్నది, విప్పాడు. ఆ పని ఇక వెనక బోర్డు చేస్తుంది. దాన్ని లోపలికి తీసుకెళ్లి, తన మంచానికి ఎదురు గోడ మీద రెండు మేకులు కొట్టి బిగించాడు. మంచంలో కూర్చుని కొంచెం ఎడమకు వంచి చూసుకున్నాడు. అద్దంలో వంటిల్లు కనబడింది. చాయ్ గ్లాసు పట్టుకుని వస్తున్న సుభాషిణి కనబడింది. ఆమె ఇంకా పిలవకముందే సోమలింగం ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.