తోడేలు కుక్కకు చల్లని చోటు

"తీయొద్దప్పా" అన్నది సహన.

నెత్తిన మల్బరీ ఆకు మూటతోనే నిలబడిపోయింది. ద్రాక్షతోట గేటు దగ్గర అంబరీష్ బూడిదరంగు కుక్కను మోకాళ్ల మధ్య పట్టుకొని ఉన్నాడు. క్షవరం చేసే పిళ్ళప్ప కత్తెర తెరిచాడు. కైవార చుట్టుపక్కల అలాంటి కుక్కను ఎవరూ చూడలేదు. హస్కీ అనే మంచుదేశపు జాతి అట. చూపుకు అచ్చం తోడేలు, పేరేమో టైగర్. తోట కాపలాకని అంబరీష్ బెంగళూరు నుంచి తెచ్చాడు.

"ఎండకు నాలిక వేలాడేస్తాండాది. బొచ్చు తీస్తే చల్లగుండదా?" అన్నాడతను.

"మా పట్టుపురుగుల ఇంటిమీద గడ్డి ఎందుకు కప్పినాం? చలికా?"

పిళ్ళప్ప నవ్వి కత్తెర మూశాడు. సాయంత్రం అంబరీష్ చింతామణిలో పశువుల డాక్టరును అడిగి వచ్చాడు. బొచ్చే ఎండను ఆపుతుందని ఆయనా చెప్పాడంటూ కంచె అవతలి నుంచి ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు బొచ్చుతో కాదు. టైగర్ మొరగదు. కట్టేస్తే మెడెత్తి ఊళ వేస్తుంది. అపశకునమని ఊరంతా గొణిగింది. ద్రాక్ష దొంగలు వస్తే తోక ఆడిస్తూ గేటు దాకా సాగనంపింది. అంబరీష్ తండ్రి లక్ష్మణప్ప పదిహేను రోజులు గడువిచ్చాడు. ఊళ ఆగకపోతే బాగేపల్లి దగ్గర కోళ్లఫారానికి ఇచ్చేస్తానన్నాడు. అక్కడ రేకుల షెడ్డు, గొలుసు, రాళ్లు కాలే ఎండ. అది బతకదని సహనకు తెలుసు.

పక్కనే తమ మల్బరీ తోటలో ఆకు కోస్తూ నాలుగు రోజులు దాన్ని గమనించింది. మనుషులు కనబడుతున్నంతసేపు ఊళ లేదు. ఒంటరిగా వదిలితేనే మొదలు.

"దానికి కోపం లేదు, దిగులుండాది" అని అంబరీష్‌కు చెప్పింది. పొద్దు పొడవక ముందే పరిగెత్తించమంది. పగలు తడిమట్టిలో పడుకోనివ్వమంది. ఒంటిగా మాత్రం కట్టేయొద్దంది.

మర్నాటి నుంచి తెల్లవారకముందే టైగర్ ముందు, అంబరీష్ వెనక. ఎవరు ఎవరిని పరిగెత్తిస్తున్నారో తెలిసేది కాదు. పరుగు మాత్రం రోజూ సహన వాళ్ల మల్బరీ గట్టు దగ్గరే ఆగేది.

"కుక్కకు అలుపొచ్చిందా?" అని ఆమె అడిగేది.

"దానికి రాలేదు" అనేవాడు రొప్పుతూ.

పగటి చోటును టైగరే వెతుక్కుంది. పట్టుపురుగుల ఇంటి గోడ కింద, కిటికీలకు కట్టిన తడిగోనెల నీళ్లు కారే చోట గుంట తవ్వుకొని పడుకునేది. గడప దాటేది కాదు. ఆ గడప ఎవరూ దాటరు. పురుగులు గూడు కట్టేదాకా ఇంటివాళ్లు తప్ప పరాయివాళ్లు లోపల కాలు పెట్టకూడదు.

గడువు రోజు లక్ష్మణప్ప కొడుకుతో అక్కడికి వచ్చాడు. ఊళ విని అప్పటికి వారమైంది. టైగర్ గుంటలో వెల్లకిలా నిద్రపోతోంది. సహన తల్లి యశోదమ్మ దాన్ని దాటుకొని ఆకు తట్టతో లోపలికి పోయింది.

"కాపలాకు పనికిరాదు గదమ్మా ఇది" అన్నాడు లక్ష్మణప్ప సహనతో.

"రాదప్పా. తోడుకు వస్తాది."

ఆయన కుక్కను చూశాడు, కొడుకును చూశాడు. కొడుకు కుక్కను చూడటం లేదు.

"ఉండనీలే" అని వెళ్లిపోయాడు.

అంబరీష్ కదల్లేదు. చెప్పు కొనతో మట్టి గీస్తూ అన్నాడు. "దినామూ ఈ గడప దాకా వస్తాండా, తిరిగి పోతాండా. ఇట్లా ఎన్నాళ్లు, సహనా?"

లోపల పురుగులు ఆకు మేస్తుంటే సన్నగా వాన పడుతున్నట్టుంది. సహన తొట్టిలో చెంబు ముంచి, నిండుగా గడప పక్కన పెట్టింది.

"కాళ్లు కడుక్కోని లోపలికి రా."

అతను కడుక్కున్నాడు, రెండుసార్లు. గడప దాటాక యశోదమ్మ తల తిప్పకుండానే ఆకు తట్ట అతని వైపు జరిపింది.

"అడుగు వరస పురుగులకు ఇంగా ఆకు వేయలేదప్పా" అన్నది.